ఇద్దరు తిప్పితేగాని తెరుచుకోని తాళం

నేను ఒక తాళం కప్పను. కప్ప అనగానే మీ పెరటి తలుపుకి వేలాడే గుప్పెడంత వస్తువుని ఊహించుకోకండి. నా బరువు రెండున్నర కిలోలు. వయసు తొంభై దాటింది. నాకు రెండు తాళంచెవులు. ఒకటి కుడిచెంపన దూరుతుంది, ఇంకొకటి ఎడమచెంపన. రెండూ ఒకేసారి తిరిగితేనే నా ఇనపకొక్కెం పైకి లేస్తుంది. ఒకటి తిప్పి, కాఫీ తాగొచ్చి, తీరిగ్గా రెండోది తిప్పుదామంటే కుదరదు.

మనిషికి రెండు చేతులుంటాయి కదా, ఒక్కడే తిప్పుకోవచ్చుగా అంటారేమో. శుభ్రంగా తిప్పుకోవచ్చు. కాకపోతే నా రెండు తాళంచెవులూ ఒకే మనిషి రెండు చేతులా పట్టి తిప్పిన రోజు నా తొంభై ఏళ్ళ బతుకులో ఒక్కటే ఉంది. ఆ రోజు సంగతి చెబుదామనే నోరు విప్పాను.

తాళాన్ని చూసినవాళ్ళంతా లోపలున్నది బందీ అనుకుంటారు. నా సంగతి ఎవరికీ తట్టదు. లోపలిది కనీసం అటూ ఇటూ దొర్లుతుంది. నేనో, నా చెయ్యి నా నోట్లోనే దోపుకుని, వేసినవాడు మళ్ళీ వచ్చేదాకా వేలాడాలి. వాడు రావచ్చు, మర్చిపోవచ్చు, పోనూవచ్చు. జైలుకి కూడా ఇంతకంటే నయమైన లెక్క ఉంటుంది.

నన్ను చేసినవాడు వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో ఉండే కమ్మరి బంగారయ్య. నన్ను సాగగొడుతున్న చప్పుడుకి ఏటి అవతలి ఒడ్డున పెళ్ళిమేళం ఆగిపోయిందట. ఎర్రగా కాలిన నన్ను తొట్టిలో ముంచితే లేచిన ఆవిరికి పక్క మూడిళ్ళలో పొయ్యి వెలిగించకుండానే అన్నం ఉడికింది. ఒకింట్లో అడుగంటిందని కూడా అంటారు. నవ్వకండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా గుండెలో స్ప్రింగు బిగుసుకుపోవాలి.

బంగారయ్య చేత నన్ను చేయించినవాళ్ళు ఇద్దరు అన్నదమ్ములు. జీడితోటల దస్తావేజులు ఉమ్మడి పెట్టెలో పెట్టారు. అన్న లేకుండా తమ్ముడు తెరవకూడదు, తమ్ముడు లేకుండా అన్న తెరవకూడదు. బంగారయ్య మంచివాడు. పెట్టె తెరవాలంటే ఎదురెదురుగా నిలబడాలి, మొహాలు చూసుకోవాలి, చూసుకుంటే ఓ మాటైనా పడుతుంది అని ఆలోచించి నా రెండు చెంపలకీ రెండు కన్నాలు పెట్టాడు. పాపం, ఆయనకి ఇనుము తెలిసినంత మనుషులు తెలీదు. ఆ అన్నదమ్ములు ఏం చేశారనుకున్నారు? మధ్యలో దుప్పటి కట్టించారు. దుప్పటికి నా అంత చిల్లు పెట్టించి, నన్ను అందులో సగం అటు, సగం ఇటు ఉంచి, అటునించి ఒక చెయ్యి, ఇటునించి ఒక చెయ్యి. ఇరవై రెండేళ్ళు దుప్పట్లు మారాయి గాని మొహాలు కనపడలేదు.

వాళ్ళు పోయారు. తోటలు చేతులు మారాయి. వాళ్ళ వంశంలోని మనవడొకడు విశాఖపట్నంలో ఒక వైద్య పరిశోధన కేంద్రంలో స్టోరు గుమాస్తాగా చేరి, నన్ను మెరుగు పెట్టి, తన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాడు. నేను సుఖపడిన రోజులు అవే. కొక్కెం తెరుచుకుని, ఫ్యాను గాలికి, హాయిగా. ఎన్నాళ్ళో సాగలేదు.

అప్పట్లో సముద్రం పక్క పల్లెల్లో కిడ్నీల జబ్బు పట్టుకుంది. షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. నలభై ఏళ్ళకే మనిషి కాళ్ళు వాచి, మొహం వాచి, మంచం పట్టేవాడు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఈ కేంద్రం వాళ్ళు పల్లెలకి వెళ్ళి జనం రక్తం తీసుకొచ్చారు. నీళ్ళ మీదా మట్టి మీదా పనిచేసే ఇంకో సంస్థ వాళ్ళు అవే పల్లెల్లో బోరింగుల నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేశారు. రక్తం వీళ్ళ దగ్గర, నీళ్ళ చిట్టా వాళ్ళ దగ్గర. ఏ మనిషి ఏ బోరింగు నీళ్ళు తాగాడో జతపరిస్తే తప్ప సంగతి తేలదు. అందుకని రెండు సంస్థలూ చేతులు కలుపుతున్నాయని సభ పెట్టారు.

సభ బాగా జరిగింది. వేదిక మీద ఈ మూల నించి ఆ మూలకి గుడ్డ బ్యానరు: ‘తెరిచిన తలుపుల పరిశోధన’. రక్తం కేంద్రం పెద్ద డాక్టర్ విశ్వనాథంగారు, నీళ్ళ సంస్థ పెద్ద డాక్టర్ లలితాంబగారు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. విజ్ఞానానికి తలుపులుండవన్నారు ఆయన. గోడలే ఉండవన్నారు ఆవిడ. అయితే సీసాలు ఉమ్మడివి కాబట్టి ఒకరు లేకుండా ఒకరు ముట్టకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ మాట విన్న గుమాస్తా ఊరుకుంటాడా? పరుగెత్తుకెళ్ళి నన్ను పట్టుకొచ్చాడు. రెండు తాళంచెవులు, ఒక తాళం! సహకారానికి ఇంతకంటే గుర్తేముందని అందరూ మురిసిపోయారు. ఎనిమిది వందల నలభై సీసాలున్న పెద్ద ఫ్రీజర్‌కి నన్ను తగిలించి, ఆయన అటూ ఈవిడ ఇటూ నిలబడి, ఫోటోకి నవ్వుతూ, టక్కున నొక్కారు. తలుపులు తెరిచామని చెప్పి తాళం వేస్తుంటే చప్పట్లు కొట్టిన జనాన్ని నేను అక్కడే చూశాను.

మళ్ళీ నా చెయ్యి నా నోట్లో పడింది.

ఆ ఫ్రీజర్ చలి గురించి ఏం చెప్పమంటారు? సున్నాకి ఎనభై డిగ్రీలు కింద. తలుపు సందులోంచి తగిలే చలికే నా వీపు మీద మంచు పేరుకునేది. ఓసారి ఈగ ఒకటి వచ్చి నా మీద వాలింది. వాలింది వాలినట్టే ఉండిపోయింది. ఎండాకాలంలో నా మీది మంచు తుడిచిన పూట కరిగి, రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది. దానికి విడుదలుంది, నాకు లేదు.

నెల తిరక్కుండా తెరుస్తారనుకున్నాను. ఆరేళ్ళు తెరవలేదు. కారణం చెబితే మీరు నమ్మరు. అచ్చయ్యే వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలో తేలలేదు. రక్తం లేకపోతే వ్యాసమేదీ అన్నారు ఈయన. నీళ్ళు లేకపోతే రక్తంతో ఏం చేస్తారన్నారు ఆవిడ. ఉత్తరాల మీద ఉత్తరాలు. ప్రతి ఉత్తరం ‘తమ సహకారానికి ధన్యవాదాలు’ అని మొదలయ్యేది.

ఫ్రీజర్ గది ఊడ్చి, గంటగంటకీ ఎర్ర అంకెలు చూసి పుస్తకంలో రాసే అటెండరు పేరు అప్పలసూరి. అతను కాక ఆ గదికి వచ్చే మనిషి ఇంకొక్కతే. ఊర్వశమ్మ. కొత్తజీడిపేటలో ఆశా కార్యకర్త. పక్కనున్న పెద్దాసుపత్రికి నెలనెలా ఊళ్ళోంచి రోగుల్ని తీసుకొచ్చేది. వాళ్ళని వరసలో కూర్చోబెట్టి, చీరకొంగుతో చెమట తుడుచుకుంటూ ఇటు వచ్చేది.

"ఏటి బావూ, తెరిసినారేటి?"

"లేదప్పా. రా, కూకో. సల్లగున్నాది."

"మీ సల్లదనం మీ కాడే ఉంచుకోండి. నాకొక్కటి సెప్పండి. మా వీధి బోరింగు నీళ్ళు తాగమంటారా, మానమంటారా?"

ఆరేళ్ళలో ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు. మొదటేడు అడిగినప్పుడు గొంతులో ఆశ ఉండేది. తరవాత కోపం వచ్చింది. ఆ తరవాత రెండూ పోయి, ప్రశ్న ఒక్కటే మిగిలింది.

రక్తం వాళ్ళు పల్లెకి వచ్చినప్పుడు ఒక్కడూ చెయ్యి చాపలేదు. ‘రగతం అట్టుకుపోయి ఏటి సేస్తారో’ అని తలుపులు వేసుకున్నారు. అప్పుడు ఊర్వశమ్మ తన మొగుడు త్రినాథుని వీధి మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. చెట్టులాంటి మనిషి, కొబ్బరికాయలు దింపేవాడు. మొదటి సీసా అతనిదే. అతన్ని చూసి మిగిలినవాళ్ళు వచ్చారు. ‘జబాబు నాను తెస్తాను’ అని ఆమె ఇంటింటికీ మాటిచ్చింది. నాలుగో ఏడు త్రినాథు కాళ్ళు వాచాయి. ఐదో ఏడు లేడు. సీసా మాత్రం నా వెనకాల భద్రంగా ఉంది.

వాళ్ళ వీధిలో నలభై ఇళ్ళు. అందరూ తాగేది ఒకే బోరింగు. ఆమె కూతురు మధుమతి కూడా. ఇంకో బోరింగు సరుగుడు తోటల అవతల రెండు మైళ్ళలో ఉంది. ‘ఉత్త అనుమానానికి రెండు మైళ్ళు బిందె ఎవులు మోస్తారు? తేల్సి సెప్తే రేపే మానిపిస్తాను’ అనేది ఊర్వశమ్మ. ఆమెకి కావలసింది అంతే. ఒక్క మాట.

"నానేటి సెప్పగలనప్పా," అనేవాడు అప్పలసూరి నన్ను చూపించి. "ఊడ్సీ మడిసిని. ఆ ఇనప మొహంగాడు నోరిప్పితే కదా."

అతను నన్ను తిట్టిన తిట్లు రాస్తే మీరు చదవలేరు. కాదని నేనేమీ అనలేను. నన్ను బిగించినవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆమెకీ ఆ సీసాలకీ మధ్య అడ్డంగా వేలాడుతున్నది నేనే.

ఒక రెండో శనివారం. ఆఫీసుకి సెలవు. పొద్దున్న పది గంటలకి ఫ్రీజర్ లోపల ఏదో టపాలున పేలినట్టయింది. తర్వాత ఆ యంత్రం ఆరేళ్ళుగా చేస్తున్న గురక ఆగిపోయింది. నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఎర్ర అంకెలు కదలడం మొదలెట్టాయి. ఎనభై. డెబ్భై ఆరు. డెబ్భై ఒకటి.

అప్పలసూరి ఫోను అందుకున్నాడు. మెకానిక్కు సోమవారం వస్తానన్నాడు. పక్క గదిలో ఇంకో ఫ్రీజర్ లేదు. విశ్వనాథంగారు విజయవాడలో మీటింగులో ఉన్నారు. ఇంట్లో ఉన్న తన తాళంచెవి ప్యూను చేత పంపిస్తానన్నారు. లలితాంబగారు కూతురి సీమంతంలో ఉన్నారు, ఆవిడా పంపిస్తానన్నారు. సరిగ్గా అప్పుడే ఊర్వశమ్మ నెల మామూలుగా గుమ్మంలోకి వచ్చింది. ఎర్ర అంకెలు చూసింది. ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇవి కరిగిపోతే ఏటవుద్ది బావూ?"

"పాడైపోతాయప్పా. మరి దేనికీ పనికిరావు."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

పన్నెండుకి ఇద్దరు ప్యూన్లూ వచ్చారు. రక్తం కేంద్రం గవరయ్య, నీళ్ళ సంస్థ ఎర్రినాయుడు. ఇద్దరి జేబుల్లోనూ తాళంచెవులు. నాకు ఒళ్ళు పులకరించింది. గవరయ్య నా కుడిచెంపన తన చెవి దూర్చాడు. ఎర్రినాయుడు ఎడమచెంపన దూర్చాడు. ఇద్దరూ ఆగారు.

"తిప్పు," అన్నాడు గవరయ్య.

"నువ్వు తిప్పు."

"నువ్వే తిప్పరా. మావోడు ఫోన్ల మరీ మరీ సెప్పినాడు. అవతలోలు తిప్పినాకే మనం తిప్పాలని."

"మా మేడమ్మూ అదే సెప్పినాది. ముందు తిప్పినోలిదే బాజ్జితట. నోపల ఏటైనా పాడైతే ముందు తిప్పినోడి మెడకి సుట్టుకుంటాది."

బాధ్యత! ఆరేళ్ళు పేరు ముందుండాలని కొట్టుకున్న రెండు సంస్థలూ, చెయ్యి మాత్రం వెనకుండాలని కబురు పంపాయి. ఇద్దరు ప్యూన్లూ తాళంచెవులు నా చెంపల్లోనే వదిలి, చెరో స్టూలు మీద కూర్చుని, చెరో ఫోను తీశారు. విశ్వనాథంగారి ఫోను ఎత్తలేదు. సీమంతంలో బాజాల హోరుకి లలితాంబగారికి వినపడలేదు. నేను రెండు బుగ్గల్లో రెండు తాళంచెవులతో, తెరుచుకోవడానికి కావలసినవన్నీ ఉండి, మూసుకునే ఉన్నాను. యాభై ఎనిమిది. యాభై నాలుగు.

"టీ తాగొద్దామేటి?" అన్నాడు ఎర్రినాయుడు.

"నాను లేసెల్తే నువ్వు నా తాళంసెవి తిప్పీసి, నానే తిప్పినానంతావు."

"ఓరి నీ అనుమానం..."

ఊర్వశమ్మ లేచింది. కొంగు నడుముకి దోపుకుంది.

"లెగండి ఇద్దరూ."

"ఏటమ్మా?"

"మీరు రగతం ఆపీసోలు. ఆలు నీల ఆపీసోలు. నాను ఏ ఆపీసూ కాదు. నా మీద రాసీడానికి మీ కాడ కాగితమే నేదు. నాను తిప్పుతాను. ఊర్వశి తిప్పినాదని సెప్పండి. కావాలంతే ఏలుముద్ర ఏస్తాను, సంతకం సేస్తాను. లెగండి."

ఇద్దరు ప్యూన్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మొహాల్లో ఎంత హాయి కనిపించిందంటే, ఎవరో వాళ్ళ నెత్తి మీద మూట దింపినట్టు. స్టూళ్ళు వెనక్కి లాక్కున్నారు.

ఊర్వశమ్మ నా ముందు నిలబడింది. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి పట్టుకుంది. బిందెలు మోసిన చేతులు, గట్టిగా వెచ్చగా ఉన్నాయి. తొంభై ఏళ్ళలో నా రెండు చెంపలూ ఒకే మనిషి పట్టుకోవడం అదే మొదలు. ఆమె తిప్పింది.

నేను తెరుచుకోలేదు.

ఇక్కడిదాకా మనుషుల్ని చూసి నవ్వుకుంటూ వచ్చాను కదా. ఇప్పుడు మీరు నన్ను చూసి నవ్వొచ్చు. ఆరేళ్ళ మంచుకి నా లోపల తుప్పు పేరుకుని, స్ప్రింగు రాయిలా బిగుసుకుంది. అబద్ధమాడితే బిగుసుకుపోవాలని మొదట్లో ఒట్టేశాను, గుర్తుందా? ఆ మూడిళ్ళ అన్నంలో రెండిళ్ళు నా కల్పనే, ఒప్పుకుంటున్నాను. ఆమె మళ్ళీ తిప్పింది. నా బలమంతా పెట్టాను. లేద్దామనుకున్నాను, చచ్చినా లేవలేకపోయాను. మూడోసారికి కుడిచెంపలో తాళంచెవి పుటుక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది.

నలభై ఏడు.

"అయిపోనాది," అన్నాడు గవరయ్య.

అప్పలసూరి నాలుగు నెలల్లో రిటైరు కావలసినవాడు. నా పైన గోడకి అతికించిన కాగితం అతనే ఆరేళ్ళు దుమ్ము దులిపాడు: ‘ఇరుపక్షాల అనుమతి లేక తాళమునకు హాని కలిగించినవారిపై కఠిన చర్య తీసుకొనబడును’. అతను కాగితం వైపు ఒకసారి చూశాడు, నేల మీద చూపు పెట్టుకుని నిలబడ్డ ఊర్వశమ్మ వైపు ఒకసారి చూశాడు. బయటికి వెళ్ళి, ప్లంబరు వదిలేసి వెళ్ళిన సంచిలోంచి ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు పట్టుకొచ్చాడు.

"ఒరే ఎర్రినాయుడూ, అటు అట్టుకో. గవరయ్యా, ఇటు అట్టుకో. కదలనీకండి ముండాకొడుకుని."

"బావూ, నా ఉద్దోగం పోతాది..." అన్నాడు గవరయ్య.

"నాను నిన్ను కొయ్యమన్నానేటి? అట్టుకోమన్నాను."

పట్టుకున్నారు. రక్తం ప్యూను ఇటు, నీళ్ళ ప్యూను అటు. రెండు సంస్థలూ కలిసి చేసిన మొదటి పని నన్ను కదలకుండా పట్టుకోవడం. అప్పలసూరి చెయ్యి నొప్పి పుడితే ఊర్వశమ్మ అందుకుంది, ఆమె ఆగితే ఎర్రినాయుడు అందుకున్నాడు. నా కొక్కెం మీద పళ్ళు పడుతుంటే నాకు నొప్పి పుట్టలేదంటే అబద్ధం. కానీ ఎప్పుడెప్పుడు తెగుతానా అని నేను లెక్కపెట్టుకుంటున్నాను. నలభై నాలుగు దగ్గర తెగాను.

తలుపు తెరవగానే తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. ఎనిమిది వందల నలభై సీసాలు. ఇంకా గట్టిగానే ఉన్నాయి. కానీ ఇప్పుడు వాటినెక్కడ పెట్టడం?

"మా బావమరిది హార్బరు కాడ రొయ్యల కంపెనీల ఉన్నాడు," అన్నాడు ఎర్రినాయుడు ఉన్నట్టుండి. "ఆల కాడ డ్రై ఐసు ఉంతాది. అచ్చం ఇంత సలే."

"రొయ్యలతో పెడతావేట్రా మడుసుల రగతం?" అన్నాడు గవరయ్య.

"రొయ్యలేటి అడుగుతాయేటి, నువ్వెవులని?"

అరగంటలో రెండు ఆటోల నిండా రొయ్య బొమ్మ వేసిన థర్మాకోల్ పెట్టెలు వచ్చాయి. సీసాలు వాటిలో సర్ది హార్బరుకి బయల్దేరారు. తెగిన నన్ను కూడా అప్పలసూరి సాక్ష్యానికని సంచిలో వేసుకున్నాడు. అందుకే తర్వాత జరిగిందీ చూడగలిగాను.

రొయ్యల కంపెనీకి ఒక పద్ధతుంది. వాళ్ళ కోల్డ్ రూములోకి ఏ పెట్టె వెళ్ళినా అందులో ఏముందో, ఎవరిదో, ఎక్కడ పట్టిందో మొత్తం చిట్టా తలుపు మీద అతికించాలి. చిట్టా లేని పెట్టె లోపలికి పోదు. సూపర్‌వైజరు ఖాళీ కాగితాలు చేతిలో పెట్టాడు. సీసాల మీద చూస్తే నెంబర్లే ఉన్నాయి. ఏ నెంబరు ఎవరిదో ఆఫీసు కంప్యూటరులో ఉంది, ఏ బోరింగు ఎక్కడుందో ఇంకో ఆఫీసు కంప్యూటరులో ఉంది.

ఊర్వశమ్మ తన సంచిలోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసింది. పల్లెపల్లెకీ రక్తం తీసేవాళ్ళతో పొద్దున్న తిరిగింది ఆమే, నీళ్ళు పట్టేవాళ్ళతో మధ్యాహ్నం తిరిగింది ఆమే. సీసా నెంబరు, మనిషి పేరు, తాగే బోరింగు. మూడూ ఒకే వరసలో రాసుకుంది. ఆ పుస్తకం ఉందా అని ఆరేళ్ళలో ఏ డాక్టరూ ఆమెని అడగలేదు.

ఆమె చదువుతుంటే గవరయ్యా ఎర్రినాయుడూ రాశారు. రాస్తూ రాస్తూ గవరయ్య ఊసుపోక అడిగాడు.

"బెందాళం త్రినాథు. ఈదిబోరింగు. ఉన్నాడా ఈ మడిసి?"

ఊర్వశమ్మ ఆ సీసాని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. చలికి వేళ్ళు అంటుకుపోతున్నా వెంటనే వదల్లేదు.

"ఈ సీసాల ఉన్నాడు," అంది. "రాయి. తరవాతది అందుకో."

గవరయ్య పేరు రాసి తరవాతి సీసా అందుకున్నాడు.

సోమవారం పెద్ద డాక్టర్లిద్దరూ రొయ్యల వాసన మధ్యకి ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని వచ్చారు. కోల్డ్ రూము తలుపు మీద ఇరవై ఎనిమిది కాగితాల చిట్టా. ఆయన చూపించనన్నదీ ఆవిడ చూపించనన్నదీ పక్కపక్కనే, రొయ్యలు వలిచే ఆడవాళ్ళు కూడా చదివేటట్టు. కంపెనీ ఫారం ప్రకారం పైన మొట్టమొదటి పేరు, సరుకు తెచ్చినవారిది: బెందాళం ఊర్వశి, కొత్తజీడిపేట.

పేర్ల గొడవ అక్కడే తీరిపోయింది. ఇద్దరూ ఆ కాగితాలు ఒక్కొక్కటే చదివారు. చివరికి లలితాంబగారు వేలుపెట్టి, "ఈ నాలుగు వరసలూ చూశారా? అన్నీ వీధి బోరింగే" అన్నారు. విశ్వనాథంగారు రుమాలు తీసేసి వంగి చూశారు. వాళ్ళు అన్నేళ్ళలో పనికొచ్చే మాట మాట్లాడుకోవడం అదే మొదలనుకుంటాను. ఆ చిట్టా ఫోటో చూసి హైదరాబాదులో ఇంకో ప్రయోగశాల వాళ్ళు, మా యంత్రం ఖాళీగా ఉంది, సీసాలు పంపండి అన్నారు. పంపారు.

నన్ను తెగ్గోసినవాళ్ళ మీద విచారణ జరగాలని కూడా అన్నారు. ఉత్తరువు రెండు సంస్థలూ కలిసి ఇవ్వాలి. ఎవరు ముందు సంతకం చెయ్యాలో తేలక అది అలాగే ఉండిపోయింది. అప్పలసూరి పూలదండతో రిటైరయ్యాడు.

ఐదు నెలలకి ఊర్వశమ్మని పిలిపించారు. బల్లకి అటు డాక్టర్లిద్దరూ, ఇటు ఆమె. ఆమెకి తోడుగా వచ్చిన అప్పలసూరి ఒళ్ళో సంచి, సంచిలో నేను. డాక్టర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు చెప్పాలన్నది ఈసారి వేరే రకం ఇబ్బంది. గొంతు సవరించుకుని విశ్వనాథంగారే అన్నారు.

"మానెయ్యండమ్మా. మీ వీధి బోరింగు నీళ్ళు మానెయ్యండి. మిగతా ఊళ్ళ సంగతి ఇంకా తేలాలి. మీది మాత్రం తేలింది. తోటల అవతలి బోరింగు తాగొచ్చు."

అందులో ఏముందో చెప్పారు గాని ఆ పేరు నాకు నోరు తిరగలేదు. ఊర్వశమ్మ తల ఊపింది.

"మా గుంట మధుమతి ఇన్నాళ్ళూ అవే తాగినాది బాబూ."

"ఈ వారమే తీసుకురండి, పరీక్ష చేద్దాం," అన్నారు లలితాంబగారు. "మీ వీధి అందరికీ చేద్దాం."

"ఆరేళ్ళు బాబూ," అంది ఊర్వశమ్మ. అంతే అంది. ఆ ఆరేళ్ళూ మూసుకోమని ఆ ఇద్దరూ చెప్పారు, నేను మూసుకున్నాను.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఏదీ, ఆ సంచీల ఉన్నదాన్ని ఇలా ఇయ్యి బావూ."

"దీనితో ఏటి సేస్తావప్పా? ఇది తాళం పడదు. కొక్కెం తెగిపోనాది."

"పడక్కర్నేదు."

ఆమె నన్ను కొత్తజీడిపేట తీసుకెళ్ళి, వీధి బోరింగు చేతికి ఇనప తీగతో కట్టింది. పంపుకి అడ్డం గాని, గొలుసు గాని ఏమీ లేదు. తెగిన చెయ్యి పక్కకి వాల్చుకుని నేనొక్కణ్ణే వేలాడుతున్నాను. వేలితో ఆ తీగ విప్పితే నేను కిందపడతాను, నీళ్ళు వస్తాయి.

మొదటి రోజు ఊళ్ళోవాళ్ళు గుమిగూడి చూశారు. ఒక ముసలాయన, "ఇదేటే ఊర్వశీ, ఇరిగిపోయిన కప్ప కట్టినావు?" అన్నాడు. ఆమె చిట్టా చదివింది. ఈ బోరింగు తాగినవాళ్ళ పేర్లు వరసగా, ఉన్నవాళ్ళవీ లేనివాళ్ళవీ. చదవడం అయ్యాక అందరూ బిందెలు తీసుకుని సరుగుడు తోటల దారి పట్టారు.

ఎండన పడి వచ్చే పరాయి ఊరివాళ్ళు అప్పుడప్పుడూ ఆగుతారు. చెయ్యి పంపు మీదకి వస్తుంది, నన్ను చూస్తుంది, వెనక్కి పోతుంది. తొంభై ఏళ్ళు బిగించుకుని ఉన్నా నేను ఎవరినీ ఇంత బాగా ఆపలేదు. మధుమతి మొదటి వారం దాహానికి ఆగి, వేలితో నా తీగని ఒకసారి కదిపింది. ముందు నడుస్తున్న వాళ్ళమ్మ వెనక్కి తిరగలేదు. ఆ పిల్ల తీగ వదిలేసి, బిందె చంకనెత్తుకుని తల్లి వెనకే నడిచింది. రెండు మైళ్ళు పోవాలి కదా.